అప్ప ఎత్తిన ముర్రాట

మా అప్ప చేతికి వేడి తగలదని ఇంట్లో మొదట కనిపెట్టింది నేనే. మా వైపు అక్కని అప్ప అంటాం. అప్పుడు నాకు పన్నెండేళ్లు, ఆమెకి పంతొమ్మిది. ఒక పొద్దున పొయ్యి మీద ఉడుకుతున్న అన్నం దాకని మసిగుడ్డ లేకుండా కుడిచేత్తో అంచు పట్టుకుని దించేసింది. నేను నోరు తెరిచి చూశాను.

"కాల్లేదేటి అప్పా?"

"ఏటి కాలడం?" అంది చెయ్యి తిప్పి చూసుకుంటూ. దాకని వట్టి చేత్తో పట్టుకున్నానని అప్పుడే ఆమెకీ తెలిసింది.

నాకది గొప్ప విద్యలా అనిపించింది. వీధిలో నా ఈడు ఆడపిల్లల్ని నలుగురిని పోగేసి తీసుకొచ్చి, "మా అప్ప నిప్పు పట్టుకుంటాది, సూడండి" అన్నాను. అప్ప నవ్వుతూ పొయ్యిలోంచి చిన్న బొగ్గు తీసి వేళ్ల మధ్య పట్టుకుంది. వాళ్లు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. సాయంత్రానికి ఆ వేళ్ల మీద బొబ్బలు లేచాయి. అమ్మ పసుపు రాసి, ఒళ్లు తెలీకుండా పని చేస్తావని అప్పనే తిట్టింది.

మాది భావనపాడుకి కాస్త ఎడంగా ఉన్న పల్లె. నాన్న నా చిన్నప్పుడే చేపల వేటకి వెళ్లి తిరిగి రాలేదు. అమ్మ నౌపడ, టెక్కలి వైపు ఊళ్లలో తట్ట నెత్తిన పెట్టుకుని చేపలు అమ్మేది. ఇల్లు, నేను, ఎండబెట్టే చేపలు, అన్నీ అప్ప చేతుల్లోనే ఉండేవి. నాకు జడ వేసింది, బడికి దిగబెట్టింది, జ్వరమొస్తే ఒళ్లో పడుకోబెట్టుకుంది అప్పే. అమ్మ పెంచింది ఇద్దరినీ అంటారు గానీ, నన్ను పెంచింది అప్ప.

ఆ ఏడే మేనమామ కొడుకుతో ఆమె పెళ్లయింది. ఎనిమిది నెలలకి బావ ఆమెని వెంటబెట్టుకుని వచ్చి, గుమ్మం ముందు ఇసుకలో కూర్చుండిపోయాడు. అప్ప మోచేతి మీద, వీపు మీద తెల్లటి మచ్చలున్నాయట. ఉప్పు పండించే కొఠారుల్లో పనిచేసే ఒక ముసలాయన చూసి అది పెద్దరోగమని చెప్పాడట.

"అత్తా, మా ఓలు ఒద్దంతన్నారు. నానేటి సెయ్యను?" అన్నాడు తల వంచుకుని.

"మీ ఓల సంగతి కాదురా, నీకేటి కావాలో సెప్పు" అంది అమ్మ.

అతను చాలాసేపు ఏడ్చి, లేచి, లుంగీకి అంటిన ఇసుక దులుపుకుని వెళ్లిపోయాడు. మరుసటేడు ఇంకో పెళ్లి చేసుకున్నాడని విన్నాం. అప్ప అతని గురించి ఒక్క మాటైనా చెడుగా అనగా నేను వినలేదు.

అమ్మ భయపడుతూనే ప్రభుత్వ ఆసుపత్రికి కబురు చేసింది. కుష్టు పనిచూసే ఆరోగ్య కార్యకర్త ఒకాయన సైకిల్ మీద వచ్చాడు. నడివయసు మనిషి, జేబులో రెండు పెన్నులు. అప్పని అరుగు మీద కూర్చోబెట్టి కళ్లు మూసుకోమన్నాడు. పెన్ను మొనతో ఒళ్లంతా అక్కడక్కడ తాకుతూ, తగిలిన చోటల్లా వేలు పెట్టి చూపించమన్నాడు. భుజం మీద తాకితే చూపించింది. మెడ మీద తాకితే చూపించింది. మోచేతి కింద తాకాడు. అప్ప కళ్లు మూసుకుని అలాగే ఎదురుచూస్తోంది, ఇంకా తాకలేదనుకుని. రెండోసారి తాకాడు. మూడోసారి తాకాడు. అమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

"ఇది కుష్టే తల్లీ" అన్నాడాయన. "కానీ భయపడకండి. మందుంది, డబ్బులక్కర్లేదు. ఏడాది పాటు మానకుండా వేసుకుంటే పూర్తిగా పోద్ది. వేసుకోడం మొదలెట్టిన కొద్ది రోజులకే ఇంకొకళ్లకి అంటుకునే గుణం పోద్ది. కొంచెం ముందొచ్చుంటే ఆ రెండు వేళ్లు కూడా వంగకుండా సూసేవాళ్లం."

అప్పటికే ఆమె కుడిచేతి చిటికెన వేలు, ఉంగరపు వేలు లోపలికి ముడుచుకోవడం మొదలైంది.

ఆయన వెళ్లబోతూ, "టీ ఇవ్వరా?" అని అడిగాడు. అమ్మ కంగారుగా లేచింది. "మీరు కాదు, ఆ అమ్మాయిని పెట్టమనండి" అన్నాడు. అప్ప టీ పెట్టి గ్లాసు నేల మీద ఉంచబోతే, చెయ్యి చాచి ఆమె చేతిలోంచే అందుకున్నాడు. మొత్తం తాగి ఖాళీ గ్లాసు మళ్లీ ఆమె చేతికే ఇచ్చాడు. ఆ గ్లాసు కడగడానికి పెరట్లోకి వెళ్లిన అప్ప చాలాసేపటి వరకూ రాలేదు.

ఏడాది పాటు అట్టల కొద్దీ బిళ్లలు మింగింది. ఆ మందులకి ఒళ్లు నల్లబడింది. రోగం తగ్గుతుంటే ఊరికి ముదురుతున్నట్టు కనిపించింది. చేపలు కొనేవాళ్లు అమ్మ తట్ట దగ్గరకొచ్చి, "మీ పెద్దపిల్ల ముట్టిందేటి?" అని అడిగేవారు. అమ్మ లేదని చెప్పేది. అందుకని అప్ప అమ్మకానికి వెళ్లే చేపలు ముట్టడం మానేసింది. తోటి ఆడవాళ్లు నూతి దగ్గర ఆమె వచ్చే వేళకి బిందెలు ఎత్తుకుని వెళ్లిపోయేవారు. తిట్టినవాళ్లు లేరు, కొట్టినవాళ్లు లేరు. ఆమె కూర్చున్న చోట చాప మాత్రం ఖాళీ అయిపోయేది.

మందు పూర్తయింది. రోగం పోయింది. ఆయన కాగితం మీద అదే రాసి ఇచ్చాడు. ఆ కాగితాన్ని అప్ప ప్లాస్టిక్ కవర్లో పెట్టి దూలం సందులో దోపింది. దాన్ని చూపించమని అడిగినవాళ్లు ఎవరూ లేరు.

నేను చదువుకున్నాను. డిగ్రీ అయ్యాక ఎచ్చెర్లలో పీజీలో చేరాను, జంతుశాస్త్రం. అప్ప ఎండుచేపలు దంచి, కారం కలిపి, డబ్బాలో పెట్టుకుని నెలకోసారి వచ్చేది. గేటు లోపలికి వచ్చేది కాదు. రోడ్డు అవతల బస్సులాగే చోట నిలబడి, కుడిచెయ్యి పమిటలో దాచుకుని, ఎడమచేత్తో డబ్బా ఇచ్చేది. లోపలికి రమ్మని నేను పిలిచేదాన్ని. రానంటుందని తెలిశాకే పిలిచేదాన్ని.

ఒకసారి నా చేతిలో పుస్తకం చూసి అడిగింది. "నా జబ్బు గురించి ఇందల ఉంటాదేటే?"

"ఉంటుంది అప్పా."

"ఏటని ఉంటాది?"

"సూక్ష్మజీవి వల్ల వస్తుందని, మందులతో నయమవుతుందని."

"మరి నయమైపోయినోలు ఏటి సెయ్యాలో కూడా రాసుంటాదేటి?"

అలాంటిదేమీ లేదని చెప్పలేక, బస్సొస్తోందని చెప్పాను.

ఉద్యోగం వచ్చింది. విజయనగరం వైపు ఒక హైస్కూల్లో జీవశాస్త్రం టీచరునయ్యాను. అక్కడే పనిచేసే లెక్కల మాస్టారు, నేను ఇష్టపడ్డాం. వాళ్లది పొలాలున్న రైతు కుటుంబం. మా ఇంట్లో ఎవరెవరున్నారని అతను అడిగిన రోజు, "అమ్మ, నేను" అన్నాను. నోటిలోంచి ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట! ఏటా తరగతిలో కుష్టుకి మందు మొదలెట్టాక అది అంటదని, తాకితే రాదని బోర్డు మీద రాసే మనిషిని నేను. పిల్లల చేత చదివించి, పరీక్షలో ప్రశ్న ఇచ్చి, మార్కులు వేసే మనిషిని.

పెళ్లి కుదిరాక ఇంటికి వెళ్లాను. ఎలా చెప్పాలో తెలీక నేను మాటలు నములుతుంటే, ఇంట్లోకి ఎండబెట్టే చేపలకి ఉప్పు పట్టిస్తున్న అప్పే తలెత్తింది.

"పెళ్లికి నాను రాన్లే. నాకు బస్సు పడదు. కక్కుకుంటాను" అంది.

నెలనెలా ఎచ్చెర్ల దాకా బస్సులో వచ్చిన మనిషి.

"సరే అప్పా" అన్నాను.

కనీసం కాసేపు ఆగి అయినా అనవలసింది. ఒక్కసారి రమ్మని అయినా అనవలసింది. ఆమె మాట పూర్తవుతూనే అనేశాను. అప్ప మళ్లీ ఉప్పు పట్టించడంలో పడింది. లోపల కూరగాయలు తరుగుతున్న అమ్మ కత్తిపీట చప్పుడు ఆగిపోయింది.

నాకు కూతురు పుట్టాక చూడాలని ఆశపడి, అప్ప ఒక్కసారి మా ఇంటికి వచ్చింది. అమ్మతో కలిసి వచ్చింది. రోజూ కట్టే పాతచీర కాదు, ఎప్పుడూ దాచుకునే నీలం చీర కట్టుకుంది. ఆమె కాళ్లకి కూడా స్పర్శ పోయింది కాబట్టి, ఆ ఆరోగ్య కార్యకర్త మెత్తటి రబ్బరు అట్ట వేసిన చెప్పులు ఆసుపత్రి నుంచి తెచ్చి ఇచ్చేవాడు. నల్లగా, వెడల్పుగా, వెనక పట్టీతో ఉంటాయవి. తెలిసినవాళ్లు చూస్తే అవి ఎవరు తొడుక్కుంటారో ఇట్టే చెప్పేస్తారు. గుమ్మం ముందు అవి విడిచి లోపలికొచ్చింది. నేను మంచినీళ్లిచ్చి, బయటికెళ్లి, ఆ చెప్పుల్ని తీసి పెరటి వైపు బట్టలుతికే బండ వెనక పెట్టాను. తిరిగి చూస్తే కిటికీ దగ్గర అప్ప నిలబడి ఉంది.

మా అత్తగారు ఎవరీమె అని అడిగారు.

"అమ్మకి తోడుగా ఉంటుంది అత్తయ్యా. దూరపు చుట్టం" అన్నాను.

అమ్మ నా వంక చూసింది. ఆ చూపు నాకు అలవాటైనదే. కానీ అప్ప వెంటనే, "అవునమ్మా, దూరపు సుట్టాన్నే. ఈ గుంటని సిన్నప్పట్నుంచీ ఎరుగుదును" అంది నవ్వుతూ. పాపని ఎత్తుకోమని నేను అనలేదు. ఆమె అడగలేదు. ఉయ్యాల పక్కన కూర్చుని ఎడమచేత్తో తాడు ఊపుతూ సాయంత్రం దాకా ఉంది. వెళ్లేటప్పుడు చెప్పులు తనే వెనక నుంచి తెచ్చుకుంది. ఆ తర్వాత ఎప్పుడు బయటికెళ్లినా ఆ చెప్పులు తొడగలేదని, మామూలు హవాయి చెప్పులే వేసుకునేదని అమ్మ చెప్పింది. "ఎందుకే అంటే పలకదు" అంది.

పాపకి రెండో ఏడు నడుస్తుండగా మా ఊళ్లో అమ్మవారి సంబరం వచ్చింది. కొన్నేళ్లకోసారి పెద్ద ఎత్తున చేస్తారు. ఇంటింటి నుంచీ ఆడవాళ్లు పసుపు నీళ్లు, వేపాకులు నింపిన ముంతలు నెత్తిన పెట్టుకుని డప్పుల వెంట వెళ్లి అమ్మవారి గద్దె మీద పోస్తారు. వాటినే ముర్రాటలంటాం. మా అత్తగారు చూడాలని ముచ్చటపడ్డారు. నా భర్త, ఆవిడ, నేను, పాప వెళ్లాం. ఊరంతా మా ఆయన్ని 'మేస్టారల్లుడు' అని మర్యాద చేశారు.

అప్ప జబ్బు వచ్చాక ఒక్కసారైనా ముర్రాట ఎత్తలేదు. ఆ ఏడు ఎత్తుతానని అమ్మతో చెప్పిందట. ఆరోగ్య కార్యకర్త అప్పటికి రిటైరయ్యాడు, అయినా దారినపోతూ వచ్చి పలకరించేవాడు. "నీకు జబ్బు లేదు తల్లీ. లేని జబ్బుకి నిన్ను ఆపే హక్కు ఊళ్లో ఎవడికీ లేదు. చట్టం కూడా నీ వైపే" అన్నాడట. ఊరి పెద్దలు కబురు పెట్టారు. వద్దు, అమ్మోరికి కోపమొస్తే వేట దొరకదని. అప్ప ఆ కబురు తెచ్చినతనికి మంచినీళ్లిచ్చి, "అమ్మోరికి కోపమొస్తే అమ్మోరే సెప్తాది, నువ్వెల్లు" అందట. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి.

గుడి దగ్గర పందిరి నీడలో పాపని చంకనేసుకుని నిలబడ్డాను. పక్కన మా ఆయన, అత్తగారు. డప్పులు దగ్గరయ్యాయి. ఆడవాళ్లు బారులు తీరి వస్తున్నారు, పసుపు పూసిన కాళ్లతో. బారు మధ్యలో ఒకచోట తెగిపోయి ఉంది. ముందు పదిమంది గబగబా నడుస్తున్నారు, వెనకవాళ్లు ఆగి ఆగి వస్తున్నారు. ఆ ఖాళీలో మా అప్ప ఒక్కర్తే.

నెత్తిన ముంత. దాన్ని రెండు చేతులతో పట్టుకుంది. ఇన్నేళ్లలో పదిమందిలో ఆమె కుడిచెయ్యి పమిట బయట ఉండగా చూడటం నాకు అదే మొదలు. ముడుచుకుపోయిన వేళ్లు ముంత అంచుకి ఆనించి ఉన్నాయి. చూసినవాళ్లు చూడనీ అన్నట్టు నడుస్తోంది. నీలం చీర కట్టుకుంది. చూస్తుండగానే బారు ముందు నుంచి అమ్మ వెనక్కి తిరిగి వచ్చింది. తన ముంతతో అప్ప పక్కన చేరి అడుగు కలిపింది. ఇద్దరూ మా ముందు నుంచే వెళ్లారు.

అప్ప నా వైపు చూసింది. పిలవలేదు. ఊరికే చూసింది. నేను తలవంచి పాప మూతి తుడిచాను. ఆ మూతికి ఏమీ అంటలేదు.

గద్దె మీద అప్ప ముర్రాట పోసింది. పూజారి రెండడుగులు వెనక్కి జరిగాడు. ఆమె దణ్ణం పెట్టుకుని పక్కకి తప్పుకోగానే, ఇద్దరు మగవాళ్లు బిందెలతో నీళ్లు తెచ్చి గద్దెని కడిగారు. ఆ తర్వాతే మిగతా ఆడవాళ్లని పిలిచారు. కడుగుతున్నంతసేపూ అప్ప అక్కడే నిలబడి చూసింది. ఏడవలేదు. ఖాళీ ముంత పొట్టకి ఆనించి పట్టుకుని, ఆఖరి బిందె దాకా చూసి, అప్పుడు నడిచింది.

మధ్యాహ్నం ఇంటికొచ్చాక నా పక్కకి వచ్చి మెల్లగా అడిగింది. "నువ్వు నిలబడ్డ కాడ ఎండ మరీ పొడిసేసినాదే. కళ్లు తిరిగాయేటి? మజ్జిగ తాగుతావా?"

నేను తాగాను.

తిరుగు బస్సులో మా ఆయన అడిగాడు. "మీ అమ్మగారు వెనక్కొచ్చి పక్కన నడిచారే, ఆవిడ... నిజంగా ఎవరు?"

ఇక దాచలేకపోయాను. "మా అప్ప. సొంత అప్ప" అన్నాను. ఆమె నన్ను పెంచిందని, జబ్బని, నయమైందని, నేను దాచానని అన్నీ చెప్పాను.  నా అబద్ధానికి కోప్పడతాడనుకున్నాను. అతను ఒక్కటే అడిగాడు.

"మరి ఆమె అలా ఒక్కర్తీ వస్తుంటే నువ్వు వెళ్లలేదేం?"

అంతవరకూ అతను వద్దంటాడని భయపడ్డాననుకునేదాన్ని. అతను వద్దనడని తేలాక, ఆ భయం నాదేనని తెలిసిపోయింది. అత్తగారు అన్నీ వింటూనే కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. ఆ విషయం ఆవిడ ఎప్పుడూ ఎత్తలేదు. అప్ప కట్టి ఇచ్చిన ఎండుచేపల పొట్లం మాత్రం చాలాకాలం అటక మీదే ఉండిపోయింది.

వారం తిరక్కుండా నేను ఒక్కదాన్నే ఊరెళ్లి అప్ప కాళ్ల దగ్గర కూర్చున్నాను. మా ఇంటికొచ్చి ఉండమన్నాను. అందరికీ చెప్పేశానన్నాను.

"ఇప్పుడొద్దులే" అంది. కోపం లేదు గొంతులో. "అమ్మ ఒక్కర్తీ ఉండలేదు. నాకూ ఈ సముద్రం గాలి అలవాటు. నీ పిల్లని తీసుకొచ్చి సూపిస్తా ఉండు, సాలు."

పాపని తీసుకెళ్లాను, రెండు మూడు సెలవులకి. అప్ప దాన్ని ఎత్తుకుంది. ఆ వంగిన వేళ్లు పట్టుకుని పాప ఆడుకునేది. ఆ తర్వాత కరోనా వచ్చి రాకపోకలు ఆగిపోయాయి. ఫోన్లో మాట్లాడుకునేవాళ్లం. "బాగున్నాను" అనేది ఎప్పుడూ.

కరోనా కేసులు తగ్గుముఖం పట్టిన రోజుల్లో అప్ప సంతకి వెళ్లి వచ్చిందట. హవాయి చెప్పు పట్టీ ఊడిపోతే పిన్నీసు పెట్టి బిగించుకుంది. ఆ పిన్నీసు తెరుచుకుని పాదంలో దిగింది. వెళ్లిన దారంతా, వచ్చిన దారంతా దిగుతూనే ఉంది. స్పర్శ లేని కాలు కదా, తెలియలేదు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే నీళ్లు ఎర్రగా అయ్యాయని అమ్మ చూసింది. నాకు చెప్పవద్దని అప్ప ఒట్టు వేయించుకుంది. "దానికి స్కూలుంటాది" అందట. కాలు ఉబ్బి, జ్వరం వచ్చాక అమ్మ ఆటోలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లింది. అక్కడ ఆమె చెయ్యి చూసి బయట బల్ల మీద కూర్చోమన్నారు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చున్నారు. చివరికి మంచాలు ఖాళీ లేవని పంపేశారు. ఒట్టు పక్కనబెట్టి అమ్మ అప్పుడు నాకు ఫోన్ చేసింది.

మా ఆయనా నేనూ కారు మాట్లాడుకుని వెళ్లి శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో చేర్పించాం. అక్కడి నర్సు ఆ పాదాన్ని తన ఒళ్లో పెట్టుకుని కడిగింది. అప్ప ఆమెనే చూస్తూ ఉండిపోయింది. డాక్టరు నన్ను పక్కకి పిలిచి, చీము రక్తంలోకి వెళ్లిపోయిందని, రెండు మూడు రోజుల ముందు తేవలసిందని చెప్పాడు.

నేను మంచం పక్కన కూర్చుని ఆమె కుడిచెయ్యి పట్టుకున్నాను. "ఆ రోజు నేను నీ పక్కన నడవాల్సింది అప్పా" అన్నాను. "నీ చెప్పులు నేను వెనక దాచకుండా ఉండాల్సింది."

"ఎప్పుడో జరిగినవి ఇప్పుడెందుకు?" అంది. తర్వాత కాసేపటికి, "నాకు తెల్దనుకున్నావేటి? నాకు అన్నీ తెల్సు. నీకు బయమేసింది. అంతే గదా" అంది. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. మర్నాడు మధ్యాహ్నం వార్డులో భోజనాల బండి తిరుగుతున్న వేళ పోయింది. ఆమెకి నలభై నాలుగేళ్లు.

ఇంటికి తెచ్చాం. స్నానం చేయించడానికి ఊళ్లో ఆడవాళ్లు ఎవరూ లోపలికి రాలేదు. గుమ్మం బయట నిలబడి ఏడ్చారు. నిజంగానే ఏడ్చారు, నేను చూశాను. అమ్మా నేనూ చేయించాం. పాడె మోయడానికి నలుగురు మగవాళ్లు వచ్చారు. రాకపోతే ఏం చేయాలా అని మా ఆయనతో నేను ఆలోచిస్తూనే ఉన్నాను. వచ్చారు. కానీ నలుగురూ కరోనా నాటి ప్లాస్టిక్ తొడుగులు చేతులకి వేసుకుని వచ్చారు.

అమ్మ అప్పటిదాకా ఒక మూల గోడకి జారబడి ఉంది. వాళ్ల చేతులు చూసి లేచింది.

"ఒరే, తీసెయ్యండిరా అయి! మీ పిల్లలకి జరాలొస్తే నా పిల్ల వొండిన జావ కాదేటి మీరు తాగింది? దానికి జబ్బు రాకముందు మీ ఇళ్లల్లో అది మొయ్యని బిందుందేటి? సచ్చినా అంటుకుంటాదేటిరా?"

 అందరికంటే పెద్దాయన తొడుగులు లాగేసి జేబులో కుక్కుకున్నాడు. మిగతా ముగ్గురూ నేల చూశారు గానీ తీయలేదు. తీయని ఒకతని స్థానంలోకి మా ఆయన వెళ్లి భుజం పెట్టాడు. సరుగుడు తోపుల అవతల, సముద్రానికి దగ్గరగా ఉన్న మా వాళ్ల శ్మశానంలో అప్పని మట్టి చేశాం. ఆడవాళ్లు అంతదూరం వెళ్లరు మా వైపు. నేను వెళ్లాను. ఈసారి ఆమె పక్కన నడిచాను. అది ఆమెకి తెలియదు.

అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటోంది. నాతో మాట్లాడుతుంది, పాపకి కథలు చెబుతుంది. కానీ అప్ప ప్రస్తావన నేను తెస్తే లేచి వేరే గదిలోకి వెళ్లిపోతుంది.

కిందటేడు ఎనిమిదో తరగతిలో పాఠం చెబుతుంటే, రెండో బెంచీలో ఒక పిల్ల చేతి మీద రూపాయి బిళ్లంత పాలిపోయిన మచ్చ కనిపించింది.  బెల్లయ్యాక ఆమెని స్టాఫ్ రూమ్‌కి పిలిచి, కళ్లు మూసుకోమని, పెన్ను మొనతో తాకి చూశాను. మచ్చ పక్కన తాకితే వేలు పెట్టింది. మచ్చ మీద తాకితే కళ్లు మూసుకుని ఎదురుచూస్తూ కూర్చుంది. 

వాళ్లమ్మని పిలిపించాను. ఆసుపత్రికి నేనే వెంటబెట్టుకుని వెళ్లాను. తొందరగా బయటపడింది, వేళ్లకి ఏమీ కాదన్నారు. మందులు మొదలుపెట్టారు. ఆ తల్లి ఆసుపత్రి మెట్ల మీద నా రెండు చేతులూ పట్టుకుంది.

"మేడమ్, మీ కాళ్లు పట్టుకుంటాను. ఈ సంగతి ఎవులికీ సెప్పకండి. మా ఓలకైనా సరే, బడిలోనైనా సరే. దీనికి రేపు బతుకుండదు."

దాచితే ఏమవుతుందో ఆమెకి చెప్పాలనుకున్నాను. అప్ప గురించి చెప్పాలనుకున్నాను. దాచిన చెప్పుల గురించి, దూరపు చుట్టమన్న మాట గురించి, పందిరి నీడలో నేను నిలబడిన రోజు గురించి. ఆ పిల్ల మా ఇద్దరి ముఖాలు మార్చి మార్చి చూస్తోంది.

"చెప్పను" అన్నాను.

ఆ పిల్ల మందులు పూర్తయ్యాయి. మచ్చ దాదాపు మాసిపోయింది. తొమ్మిదో తరగతికి వచ్చింది. మణికట్టు దాకా చేతులున్న చొక్కా వేసుకుని అదే బెంచీలో కూర్చుంటుంది. పాఠంలో ఆ పేజీ వచ్చినప్పుడు నేను ఆమె వైపు చూడను. ఆమె నా వైపు చూడదు. మిగతా పిల్లలందరూ తలలు వంచుకుని రాసుకుంటూ ఉంటారు.